ఫోనులో అమ్మ, ఇంట్లో ఆంటీ

దెబ్బ తగిలిన పిల్లల తల్లులు అప్పుడప్పుడూ మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. మా బందరులో ఏ పిల్లవాడు తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడినా, "టీచరుగారి అమ్మాయికి ఇలాగే అయిందిట, వెళ్ళి కనుక్కోండి" అని ఎవరో ఒకరు వాళ్ళకు చెప్తారు. వాళ్ళు వచ్చి కుర్చీ అంచున కూర్చుంటారు. ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోరు. "మీ పాప మళ్ళీ మామూలు మనిషైందాండీ?" అని అడుగుతారు. అయిందనే చెప్తాను. ఎలా అయిందో చెప్పబోతే మాత్రం సగంలోనే ఏడ్చేస్తాను, వచ్చినవాళ్ళే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఇలా లాభం లేదని రాయడానికి కూర్చున్నాను. రాసేటప్పుడైతే మధ్యలో లేచి మొహం కడుక్కుని రావచ్చు.

మందుల గురించి, ఆపరేషన్ గురించి నన్ను అడక్కండి. నాకు తెలిసింది వేరే. ఎనిమిదేళ్ళ పిల్ల తలలో ఎంత పెద్ద ప్రపంచం ఉంటుందో నెలల తరబడి పక్కన కూర్చుని చూశాను. భయపడ్డాను, నిజమే. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ మిగిలింది.

1997 ఫిబ్రవరి చివర్లో నాగాయలంకలో మా పిన్ని కూతురి పెళ్ళి. నేను, మా ఆయన, మా షారోను ముగ్గురం అంబాసిడర్ టాక్సీ మాట్లాడుకుని వెళ్ళాం. భోజనాలయ్యాక ఎండలో తిరుగుప్రయాణం. మా ఆయన డ్రైవరు పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతున్నారు. నేనూ షారోనూ వెనక సీట్లో ఉన్నాం. అది కూర్చుంటేగా. ముందు సీటు పట్టుకుని నిలబడి డ్రైవరుతో ఒకటే కబుర్లు. "కూర్చోవే కోతిపిల్లా" అని కసిరాను. ఆ రోజు దాన్ని కసరడం అదెన్నోసారో. నా నోరు అలాంటిది. బళ్ళో తరగతికి తరగతినే అదుపులో పెట్టే నోరు, ఇంట్లో ఉన్న ఒక్కదాన్నీ ఊరికే వదులుతుందా.

దివిసీమలో ఆ రోజుల్లో ఏ రోడ్డు చూసినా మినుములే. వరి కోశాక అదే చేలో వేసిన మినుము అప్పటికి చేతికొస్తుంది. ఎండిన మొక్కల్ని పీక్కొచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి, ఊడ్చుకుని తూర్పారబట్టుకుంటారు. నేను పుట్టింది మోపిదేవి పక్క పల్లెలోనే. చిన్నప్పుడు నేనూ రోడ్డు పక్కన నిలబడి బస్సు కోసం ఎదురుచూసినదాన్నే, ఎక్కడానికి కాదు, తొక్కించడానికి. బస్సు డ్రైవర్లు తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు, మా నాన్న నవ్వుతూ దణ్ణం పెట్టేవాడు. అందులో తప్పుందని ఆ చుట్టుపక్కల ఎవరికీ తోచలేదు.

అవనిగడ్డ ఇంకా రాలేదు. రోడ్డు మీద ఎదురుగా మినుము పరిచి ఉంది. గింజలు ఊడుస్తున్న ఒకావిడ వెనక్కి చూసుకోకుండా కారుకి అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు కొట్టాడు. చక్రాల కింద రోడ్డు లేదు, మినుములున్నాయి. కారు మెత్తగా పక్కకు జారింది. నాకైతే చాలా నెమ్మదిగా జారినట్టే అనిపించింది. కాలవ గట్టు మీది తుమ్మచెట్టు మమ్మల్ని ఆపింది.

పెద్దవాళ్ళం ముగ్గురికీ గీతలే. షారోను సీటు మీదుగా వెళ్ళి ముందు అద్దానికి కొట్టుకుంది. ఎత్తుకుంటే ఒంటి మీద పెద్ద గాయమేమీ కనిపించలేదు, నిద్రపోతున్నట్టే ఉంది. పేరు పెట్టి పిలిచాను, కసిరాను, బతిమాలాను. కళ్ళు తెరవలేదు. ఒక చెవికి కమ్మ ఊడిపోయి నెత్తుటి చుక్క ఉంది. జుట్టు నిండా మినుములు.

గింజలు ఊడుస్తున్నవాళ్ళే పరుగెత్తుకొచ్చి దాన్ని దుప్పట్లో ఎత్తి, వెనకాల వస్తున్న జీపు ఆపి మమ్మల్ని ఎక్కించారు. అవనిగడ్డలో చూసి, వెంటనే విజయవాడ తీసుకెళ్ళమన్నారు. దారిలో పామర్రు సెంటర్లో బస్సులు అడ్డం పడి జీపు ఆగిపోయింది. సోడాలమ్మే అతను లోపలికి తొంగి చూసి, రోడ్డు మధ్యకెళ్ళి నిలబడి బస్సుల్ని పక్కకు తీయించాడు. అతని మొహం నేను సరిగ్గా చూడనైనా లేదు. ఆపరేషన్‌కి ముందు గుండు చేస్తుంటే జుట్టుతో పాటు మినుములు కూడా రాలాయని తర్వాత నర్సు చెప్పింది.

ఆపరేషన్ అయినా అది కళ్ళు తెరవలేదు. మార్చి నెలలో సగం ఆసుపత్రి వరండాలోనే గడిచింది. నా పక్క చాప మీద ముదినేపల్లి నుంచి వచ్చినావిడ ఉండేది. చేపల చెరువు దగ్గర మోటారు షాకు కొట్టి ఆవిడ భర్త లోపలున్నాడు. నాకు ఆసుపత్రి నేర్పింది ఆవిడే. వేడినీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో, డాక్టరు ఏ తలుపులోంచి బయటికొస్తారో, ఏ వాచ్‌మన్ లోపలికి వదులుతాడో చెప్పేది. "తలుపు చప్పుడైనప్పుడల్లా లేవకండమ్మా, కాళ్ళు పడిపోతాయి" అనేది. తను మాత్రం ప్రతిసారీ లేచేది. మాకంటే ముందే భర్తను నడిపించుకుని ఇంటికి తీసుకెళ్ళింది. వెళ్తూ తన చాప నాకు వదిలేసి వెళ్ళింది.

ఒక ఉదయం షారోను కళ్ళు తెరిచింది. మా ఆయన్ని చూసి, "నాన్నా, నాకు గుండెందుకు చేయించారు?" అంది. ఆయన ఏడుస్తూ నవ్వారు, నర్సు నవ్వింది. నేను ముందుకు వంగాను. అది నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ఎంతో మర్యాదగా, "కొంచెం మంచినీళ్ళిస్తారా అండీ" అంది.

ఆట పట్టిస్తోందనుకున్నాను. నీళ్ళు తాగించాను. అది తండ్రి వైపు తిరిగి అమ్మ ఏదని అడిగింది. ఇదిగో కదమ్మా అని ఆయన నన్ను చూపించారు. అది మళ్ళీ నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టుంది.

"ఈవిడ అమ్మలాగే ఉన్నారు నాన్నా," అంది. "చీర కూడా అమ్మదే. కానీ అమ్మ కాదు."

డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. పాపకు నా మొహం కనిపిస్తోందట, పోలికలు తెలుస్తున్నాయట, ఆ మొహం చూడగానే లోపల కలగాల్సిన దగ్గరతనం మాత్రం కలగడం లేదట. అందుకే వాళ్ళమ్మలా ఉన్న ఇంకొకావిణ్ణి అనుకుంటోందట. దెబ్బల తర్వాత అరుదుగా ఇలా అవుతుందన్నారు. వాదించవద్దు, నిరూపించవద్దు, మెత్తగా ఉండండి అన్నారు. తగ్గుతుందా అని అడిగాను. "చాలామందికి తగ్గుతుందమ్మా. మీ పాపకు తగ్గుతుందని నేను మాటివ్వలేను" అన్నారు. ఆ మాట ఆయన నా కళ్ళలోకి చూసే చెప్పారు. అందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం.

మార్చి చివర్లో ఇంటికి తెచ్చుకున్నాం. సాయంగా ఉండటానికి మా ఆయన అక్కగారు గుడివాడ నుంచి వచ్చారు. పెద్దవదిన ప్రార్థనాపరురాలు, మంచి మనిషి, ఊరుకునే మనిషి కాదు. డాక్టరుగారు వద్దన్నా వినకుండా ఆల్బం తీసి పెళ్ళి ఫోటోలు చూపించారు. నా మణికట్టు మీద చిన్నప్పటి కాలిన మచ్చ చూపించారు. షారోను ఆ మచ్చను వేలితో తడిమి, "మా అమ్మకీ సరిగ్గా ఇక్కడే ఉంది. మీకెలా కాలింది ఆంటీ?" అని జాలిగా అడిగింది. వదిన వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచీ నా ఇంట్లో నేను ఆంటీని.

ఎదురుగా ఉన్న నన్ను గుర్తుపట్టలేదన్న మాటే గాని అది దేన్నీ మరిచిపోలేదు. పదమూడో ఎక్కం గుర్తుంది. సండే స్కూలు వాక్యాలన్నీ గుర్తున్నాయి. కింద వాటావాళ్ళ కుక్క ఏ కాలు కుంటుతుందో గుర్తుంది. అన్నిటికన్నా నేను బాగా గుర్తున్నాను. వాళ్ళమ్మ ఏ కూర ఎలా వండుతుందో, ఎందుకు తిడుతుందో, పాడేటప్పుడు ఎక్కడ శ్రుతి తప్పుతుందో నాకే వివరించి చెప్పేది. ఆ తలలో నేను ఉన్నాను, నిక్షేపంగా ఉన్నాను. ఎదురుగా నిలబడ్డ నాకే అందులోకి దారి లేదు. దాని పక్కన కూర్చుని, గుండు మీద మొలుస్తున్న జుట్టును చూస్తూ, దేవుడు ఇంత చిన్న చోట ఇన్ని గదులు ఎలా కట్టాడా అనుకునేదాన్ని. ఏడుపు ఆగిపోయి నోరు తెరుచుకుని చూస్తుండిపోయిన రోజులున్నాయి.

అందరూ మెత్తగా ఉండమన్నారు కాబట్టి నా నోరు మూతపడింది. పాలు ఒలకబోసినా, మందు ఉమ్మేసినా పల్లెత్తు మాట అనలేదు. చిన్నప్పుడు మా అమ్మ కూడా ఎన్నడూ చూడనంత ఒద్దికగా తయారయ్యాను.

జడుసుకున్న పిల్లల్ని మా ఊళ్ళో ఏ మతం వాళ్ళైనా సాయంత్రం నమాజు వేళకు మసీదు మెట్ల దగ్గరకు తీసుకెళ్తారు. బయటికొచ్చేవాళ్ళు తల మీద ఊది వెళ్తారు. కింద వాటావాళ్ళు ఆ సలహా ఇస్తే, పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళిన మర్నాడే ఇదేమిటంటారని వదిన వైపు భయంగా చూశాను. "ఊపిరి ఎవరిదైనా ఇచ్చింది ఆయనేగా" అని ఆవిడే ముందు చెప్పులేసుకున్నారు. ఒక ముసలాయన షారోను నెత్తి మీద ఊదారు. అది ఆయనకు సలాం పెట్టి, నా కొంగు పట్టుకుని, "ఆంటీ, మీరూ ఊదించుకోండి. మీరూ బాగా జడుసుకున్నట్టున్నారు" అంది. ఆయన నా తల మీద కూడా ఊదారు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం పంచెకట్టుతో, భుజాన తువ్వాలతో ఒక రైతు మా మెట్లెక్కి వచ్చారు. నడివయసు దాటిన మనిషి. గుమ్మంలోనే చెప్పులు విడిచి, "ఆ మినుములు మావేనండి" అన్నారు.

ఆ మనిషి ఎప్పుడైనా ఎదురుపడితే ఏమేం అనాలో ఆసుపత్రి వరండాలోనే సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఒకటీ అరా కాదు. నోరు తెరిచేలోపు ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టారు. అందులో దూది మీద షారోను కమ్మ ఉంది. "తూర్పారబడతంటే చేటలో మెరిసిందండి. పాపదే అయ్యుంటదని పెళ్ళోరింటికెళ్ళి అడ్రసు పట్టుకొచ్చాను," అన్నారు. వెనక బిగించే శీల దొరకలేదని మినుములన్నీ మళ్ళీ జల్లెడ పట్టించారట. అది కూడా దొరికింది, బియ్యపు నూకంత శీల. రోడ్డు పొడుగునా పరిచిన పంటలో అంత చిన్న వస్తువు వెతికి పట్టుకున్న మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు.

రోడ్డు మీద పొయ్యడం మానేశానని చెప్పారాయన. తానొక్కడూ మానేస్తే ఏమవుతుందని తానే అన్నారు. పాపను చూడొచ్చా అని అడిగారు. షారోను లేచి నమస్కారం పెట్టి, మంచినీళ్ళు తాగుతారా తాతగారూ అంది. ఆయన తువ్వాలతో మొహం కప్పుకున్నారు. నేను లోపలికెళ్ళి కాఫీ పెట్టాను.

ఆయన వెళ్ళాక కమ్మ పెట్టబోతే షారోను రెండు చేతులతో చెవులు మూసుకుంది. "వద్దాంటీ. కమ్మలు మా అమ్మే పెడుతుంది. వచ్చాక పెట్టించుకుంటా." ఆసుపత్రిలో తీసి ఇచ్చిన రెండోదాన్ని కూడా అదే అగ్గిపెట్టెలో పెట్టి దిండు కింద దాచుకుంది. చెవి కుట్లు పూడిపోకుండా వాటిలో వేపపుల్లలు పెట్టేదాన్ని. వాటికి ఒప్పుకునేది. కమ్మలు అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపేది.

ఆ నెలలోనే, పరీక్ష పేపర్లు దిద్దే పని మీద ఆలస్యమవుతుందని చెప్పడానికి కోనేరు సెంటర్లో ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన టెలిఫోన్ ఆఫీసులో గుమస్తా, అందుకని మా ఇంట్లో ఫోనుండేది. వదిన తీస్తారనుకున్నాను. హలో అన్నాను. అవతల ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు.

"అమ్మా? ఎక్కడికెళ్ళిపోయావు నువ్వు? నాకు దెబ్బ తగిలితే ఎందుకు రాలేదు?"

రెండు నెలలుగా ఆ పిలుపు వినలేదు. ఏం చెప్పాలో తోచక, హైదరాబాదులో ట్రైనింగులో ఉన్నాను, రావడానికి వీల్లేదు, రోజూ ఫోన్ చేస్తాను అన్నాను. అది నన్ను తిట్టింది. తనివితీరా తిట్టించుకున్నాను. బూత్ అబ్బాయి నా వైపు చూసి, టేబుల్ ఫాను నా వైపు తిప్పాడు. నేను ఇంటికి వెళ్ళేసరికి షారోను గుమ్మంలో ఎదురొచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది. "ఆంటీ, మా అమ్మ ఫోన్ చేసింది!" అని నా నడుము వాటేసుకుంది.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం ఆంటీ కూరగాయలకని బయల్దేరుతుంది. కోనేరు సెంటర్ నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. ఆంటీ వంకాయలు పట్టుకుని ఇంటికొస్తుంది. అమ్మ ఏం చెప్పిందో షారోను ఆంటీకి చెప్తుంది.

ఫోనులో నా గురించి నాకే చెప్పేది. ప్రపంచంలో ఎంతమంది తల్లులకు ఆ అదృష్టం దక్కుతుందో నాకు తెలియదు. "ఆవిడ అన్నం నీలాగే కలుపుతారు, కానీ ఉప్పు చూసి పెడతారు, నువ్వు చూడవు" అనేది. "ఆవిడ అస్సలు కసరరు. నేను మందు ఉమ్మేసినా కసరరు. అందుకే నీకూ ఆవిడకీ తేడా నాకు వెంటనే తెలిసిపోయింది" అనేది. ఒకరోజు గొంతు తగ్గించి, "నేను పడుకున్నాననుకుని ఏడుస్తారమ్మా. ఆవిడకి పిల్లల్లేరేమో. పాపం. నువ్వొచ్చాక ఆవిణ్ణి పంపెయ్యవుగా?" అని అడిగింది.

పంపనని చెప్పాను. నన్ను తల్లి అనుకోకుండానే, ఏ హక్కూ లేని పరాయి మనిషిగా చూస్తూనే ఆ పిల్ల నన్ను ప్రేమిస్తోంది. అది కన్నందుకు ఇచ్చే ప్రేమ కాదు. అంత ఎత్తైన దాన్ని నేను చర్చిలో కూడా చూడలేదు.

మే నెలలో విజయవాడ వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్తే డాక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మెదడులోకి మొహం ఒక దారిలో వెళ్తుందట, గొంతు ఇంకో దారిలో వెళ్తుందట. మొహం ఎదురుగా ఉంటే గొంతును కూడా నమ్మదట. రెండూ ఎక్కడో ఒకచోట కలవాలి, ఎలా కలుస్తాయో నేను చెప్పలేనమ్మా అన్నారు.

ఇంట్లో మాత్రం రాపిడి మొదలైంది. పసిపిల్లకు రోజూ అబద్ధం చెప్పడం పాపమని వదిన. మా ఆయన బాధ వేరు. "నాకు ఇద్దరు పెళ్ళాలున్నట్టుంది" అని ఒకరోజు నవ్వించబోయి, చేత కాక ఏడ్చేశారు. తర్వాత మెల్లగా అసలు మాట చెప్పారు. ఫోనులో అమ్మ దొరుకుతున్నంత కాలం ఎదురుగా ఉన్న నిన్ను అది ఎందుకు వెతుక్కుంటుంది, ఇలాగే అలవాటైపోతే జన్మంతా నువ్వు ఆంటీవే అన్నారు. అదే భయం నాకూ ఉంది. కానీ ఫోను మానేస్తే దానికి ఉన్న ఒక్క అమ్మ కూడా పోతుంది. కోపంతో మాట్లాడుకోవడం మానేశాం, మళ్ళీ మాట్లాడుకున్నాం. చివరికి జూన్‌లో బడులు తెరిచేలోపు ఫోను ఆపేద్దామని ఒప్పుకున్నాను. ఫోను లేని ఊరికి బదిలీ చేశారని చెప్పాలి.

ఆ చివరి సాయంత్రం ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లించుకోవాలని బయల్దేరాను. వీధిలోకి దిగేసరికి వాన. ఆ ఏడాది మొదటి పెద్ద వాన. కోనేరు సెంటర్ దాకా వెళ్ళే వీలు లేదు, ఆలస్యమైతే అది ఫోను దగ్గర కూర్చుని ఏడుస్తుంది. మా ఇంటికి సరిగ్గా ఎదురుగా అప్పుడే కొత్తగా ఒక బూత్ పెట్టారు. మూడు వైపులా అద్దాలు, మా మేడ మీదికి కనిపిస్తుందని అందులో అడుగు పెట్టకూడదనుకున్నాం. ఇంత వానలో వరండాలోకి ఎవరొస్తారులే అని దూరాను.

"అమ్మా, ఇక్కడ వాన," అంది. "అక్కడ కూడానా?"

అవునన్నాను. బదిలీ మాట ఎత్తబోయాను. అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి. చేత్తో తుడిచి తలెత్తి చూశాను. మేడ మీద, పొడుగాటి వైరు లాక్కుని, ఫోను చెవికి ఆనించుకుని, షారోను వానలో ఉంది. స్టూలెక్కి పిట్టగోడ మీద పొట్ట ఆనించి, రెండో చెయ్యి బయటికి చాపి చూరు నీళ్ళు పట్టుకుంటోంది. కాళ్ళు స్టూలు మీంచి లేచిపోయాయి.

"షారోనూ, దిగు! కోతిపిల్లా, దిగమన్నానా, వీపు చీరేస్తాను!"

మూడు నెలలుగా బిగబట్టిన నోరు. బూత్ అతను కుర్చీలోంచి లేచాడు. నేను అద్దం మీద అరచేత్తో బాదుతున్నాను. మేడ మీద అది ఉలిక్కిపడి స్టూలు దిగింది. తర్వాత గోడ మీంచి కళ్ళు మాత్రం పైకి పెట్టి వీధిలోకి చూసింది. అద్దాల గదిలో అరుస్తున్న ఆంటీని చూసింది. చెవిలో అమ్మ తిట్లు వింటోంది. ఆ కదిలే పెదవుల్నీ చెవిలో పడే మాటల్నీ జత కలిపి చూస్తోంది. నేను గబుక్కున నోరు మూసుకున్నాను. అంతా పాడుచేశాననుకున్నాను.

ఫోనులో చాలాసేపు వాన చప్పుడే వినిపించింది.

"అమ్మా," అంది చివరికి, చాలా నెమ్మదిగా. "చెయ్యెత్తు."

ఎత్తాను.

"ఆ చెయ్యి కాదు. మచ్చ ఉన్న చెయ్యి."

మచ్చ ఉన్న చెయ్యి ఎత్తాను. నేను వానలోకి వచ్చేశాను. వీధి దాటి మెట్లెక్కుతుంటే, పైకి వెళ్ళాక మళ్ళీ ఆంటీ అంటుందేమోనన్న భయంతో ఒక్కో మెట్టూ బరువైపోయింది. అది గుమ్మంలో నిలబడి ఉంది, తడిసి ముద్దయి, ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని. నా మొహాన్ని కిందా మీదా చూసింది. చెయ్యి పట్టుకుని మచ్చ చూసింది. మళ్ళీ మొహం చూసింది.

"ఫోను పెట్టకుండా వచ్చేశావమ్మా," అంది. "ఇందులో ఇంకా వాన పడుతోంది."

గుమ్మంలోనే కూర్చుని దాన్ని దగ్గరికి లాక్కున్నాను. వదిన తువ్వాలు పట్టుకొచ్చి, మమ్మల్నిద్దర్నీ చూసి, గోడ పట్టుకుని నిలబడిపోయారు.

తర్వాత కూడా అంతా ఒక్కసారిగా సర్దుకోలేదు. కొన్ని ఉదయాలు దాని కళ్ళలో మళ్ళీ ఆ మర్యాద కనిపించేది. అప్పుడు నేను దుప్పటి మడతపెట్టలేదని ఒక్క కసురు కసిరేదాన్ని. నవ్వేది. దసరా సెలవులకు అది కూడా పోయింది. మీరు మీ పిల్లల్ని కసరమని నేను చెప్పడం లేదు, డాక్టరు చెప్పినట్టే చెయ్యండి. పిల్ల దారి వెతుక్కుంటూ ఉంటుంది, మీరు కనిపించే చోట, వినిపించే చోట ఉండండి. నాకు తెలిసింది అంతే. రోడ్డు మీద మినుములు పరిచేవాళ్ళు ఇది చదివితే, దయచేసి చేలోనే నూర్చుకోండి.

ఆ సాయంత్రం సంగతి ఇంకొంచెం మిగిలింది. బట్టలు మార్చుకోగానే షారోను దిండు కింది నుంచి అగ్గిపెట్టె తెచ్చి నా ఒళ్ళో కూర్చుని చెవి చూపించింది. వేపపుల్ల తీసి కమ్మ దూర్చాను. తొందరలో శీల వంకరగా పట్టి దానికి నొప్పి పుట్టింది. కదలకు అని కసిరాను. అది తల తిప్పి నన్ను చూసింది.

"మరి ఆవిడ? పంపెయ్యనన్నావుగా."

"పంపలేదే. ఇక్కడే ఉన్నారు."

నా మొహంలో ఎవర్ని చూసిందో నాకు తెలియదు. తర్వాత రెండో చెవి నా వైపు తిప్పింది.

"అయితే ఇది ఆవిణ్ణి పెట్టమను. ఆవిడైతే మెల్లగా పెడతారు."

రెండోది మెల్లగా పెట్టాను.